రీమ్యాప్ కారుకు రుజువు ఎవరు చూపాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మిర్యాలగూడ ఆ దారికి పక్కగా ఉంటుంది. జడ్చర్ల నుంచి వచ్చే 167వ నంబరు రహదారి దాన్ని హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు కలుపుతుంది. ఈ మూడు ఊళ్ల బతుకులో ఇంజన్‌కు పెద్ద చోటుంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ రైసు మిల్లులకు చేరాలన్నా, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు నుంచి సిమెంటు కదలాలన్నా డీజిల్ మండాల్సిందే. ఒకప్పుడు ఇక్కడి మెకానిక్ ఇంజన్ గురించి మాట్లాడితే పంపు, నాజిల్, హెడ్ గాస్కెట్ గురించి మాట్లాడేవాడు. ఇప్పుడు అతని చేతిలో స్పానర్‌తో పాటు స్కానర్ కూడా ఉంటుంది. బండి ఎంత లాగాలో, ఎంత తాగాలో, ఎంత పొగ వదలాలో ఈసీయూ అనే చిన్న పెట్టె నిర్ణయిస్తోంది. గాలి ఎంత వచ్చింది, యాక్సిలరేటర్ ఎంత నొక్కారు, ఇంజన్ ఎంత వేడెక్కింది అని సెన్సర్ల ద్వారా క్షణక్షణం కనుక్కుంటూ, ఎంత ఇంధనం చల్లాలో, టర్బో ఎంత ఒత్తిడితో గాలి కొట్టాలో అది పట్టికలు చూసి తేలుస్తుంది. ఆ పట్టికలే మ్యాపులు. ల్యాప్‌టాప్ తగిలించి వాటిని మార్చడమే రీమ్యాప్. బానెట్ కింద ఒక్క బోల్టు కదలదు, టర్బో బండి అయితే టార్క్ నాలుగో వంతు దాకా పెరుగుతుంది.

ఈ సంవాదంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు, ఇద్దరూ కల్పితమే. ఒకరు సూర్యాపేటలో డీజిల్ వర్క్‌షాపు నడిపే మామ. రెండోవాడు మిర్యాలగూడ మిల్లు కుటుంబంలోని మేనల్లుడు. 150 పీఎస్ టర్బో పెట్రోల్ సెడాన్ కొన్నాడు, వారంటీ ఇంకా నడుస్తోంది, హైదరాబాద్‌లో ఒక ట్యూనర్ దగ్గర రీమ్యాప్ చేయించాలని అనుకుంటున్నాడు. వాళ్ల వాదనలు మాత్రం రోడ్డు మీద నిజంగా వినిపించేవే. వాటి బరువు తూచాల్సిన చోట నేను కలగజేసుకుంటాను.

అల్లుడు: మామా, కారుకు పైసలు కట్టింది నేను. నెలనెలా ఈఎంఐ కట్టేది నేను. దాంట్ల ఉన్న సాఫ్ట్‌వేర్ ఒక్కటే కంపెనీది ఎట్లయితది? కంపెనీలు చేసే పని కూడా చూడు. స్కార్పియో-ఎన్‌ల అదే 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్ కింది వేరియంట్లల్ల 132 పీఎస్ ఇస్తది, పై వేరియంట్లల్ల 175 ఇస్తది. నా కారుల ఉన్న 1.5 లీటర్ల ఇంజన్‌ను యూరప్‌ల 130 పీఎస్‌కు అమ్మిన్రు, 150కి కూడా అమ్మిన్రు. అంటే ఇంజన్‌ల దమ్ము ముందు నుంచే ఉన్నది, ధరను బట్టి కట్టేసిన్రు. నేను ఆ కట్టు ఇంకొంచెం విప్పుకుంటున్న, అంతే. మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు నీకు తెలియంది గాదు. రెండు లేన్ల మీద ముందు సిమెంటు లారీ, దాని ముందు వడ్ల ట్రాక్టర్. ఓవర్‌టేక్‌కు మూడు సెకన్లు తక్కువ పడితే అది ప్రాణానికి మేలు గదా.

మామ: అదే ఇంజన్ అన్న మాట కాడ జెర ఆగు. యూరప్‌ల అమ్మిన ఆ 130 పీఎస్ ఇంజన్‌కు టర్బో వేరే, రెక్కల కోణం మారే రకం. సిలిండర్‌ల గాలిని నొక్కే నిష్పత్తి దాంట్ల 12.5, 150 దాంట్ల 10.5. పేరు ఒక్కటే గని లోపల సామాను వేరే. మన రోడ్ల మీద డిజైర్ ట్యాక్సీలు ఎన్ని చూసినవ్? 1248 సీసీ డీజిల్, 75 పీఎస్. అదే 1248 సీసీ ఎర్టిగాల 90. అది సాఫ్ట్‌వేర్ తేడా అనుకునేటోళ్లు శానమంది, కానీ 90 దాంట్ల టర్బో వేరే రకం. స్కార్పియోల తేడా సాఫ్ట్‌వేర్‌ల ఉన్నదే అనుకుందాం. ఆ రెండు రకాలను కంపెనీ పరీక్షకు పెట్టి, పొగ ఎంత వస్తున్నదో కొలిపించి, సర్టిఫికెట్ తెచ్చుకోని అమ్ముతది. నీ ట్యూనర్ ఇచ్చే ఫైల్‌కు అసొంటి కాగితం ఉన్నదా? ఇగ గేర్‌బాక్స్ సంగతి విను. నీది ఏడు గేర్ల డీఎస్‌జీ, డీక్యూ200 అంటరు, రెండు పొడి క్లచ్‌ల పెట్టె. అది ఓర్చుకునే టార్క్ 250 న్యూటన్ మీటర్లని తయారు చేసినోళ్లే చెప్పిన్రు. నీ ఇంజన్ ఇప్పుడు ఇచ్చేది సరిగ్గ 250. ఇంక మిగిలిన జాగ ఎక్కడున్నది? ట్యూనర్ 300 దాటిస్త అంటున్నడు. ఆ పైన 50ని క్లచ్ పలకలు మోయాలె, అది గూడ మన దిక్కు మే నెల ఎండల.

మామ చెప్పిన గేర్‌బాక్స్ లెక్కను అల్లుడు కాదనలేడు. ఇంజన్ సామర్థ్యంలో కొంత భాగాన్ని కంపెనీ ఎందుకు వాడకుండా ఉంచుతుందన్న దానికి ఒక్క కారణం ఉండదు. ధర ఒక కారణమే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఒకే మ్యాపుతో అమ్మిన బండి కాశ్మీర్ చలిలోనూ తిరగాలి, 45 డిగ్రీల నల్గొండ ఎండలో ఏసీ వేసుకుని మట్టపల్లి జాతరకూ పోవాలి. ఎక్కడో ఒక బంకులో నాసిరకం పెట్రోలు పోసుకున్నా పిస్టన్ పగలకూడదు. ఏళ్ల తరబడి వారంటీ మోయాల్సింది కంపెనీ కాబట్టి అది జాగ్రత్త వైపే మొగ్గుతుంది. రీమ్యాప్ ఆ జాగ్రత్తలో కొంత తీసి పికప్‌గా మారుస్తుంది. ఇది మోసం కాదు, మంత్రమూ కాదు. తన సొంత ఇంజన్ ఆయుష్షులో కొంత ఇచ్చి పికప్ తీసుకోవడం యజమాని ఇష్టం. అక్కడి వరకు అల్లుడి వైపు న్యాయం ఉందనే నా అభిప్రాయం. తర్వాత చెడిపోయినదానికి డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర అసలు పేచీ మొదలవుతుంది.

అల్లుడు: నేను ఒప్పుకుంట మామా. క్లచ్ పోతే నేను పెట్టుకుంట, టర్బో పోతే నేను పెట్టుకుంట. గని షోరూమోళ్లు ఏమంటరు? ఈసీయూ ముట్టుకున్నవ్ గాబట్టి మొత్తం వారంటీ పాయె అంటరు. ఏసీ కంప్రెసర్ చెడిపోయినా, సస్పెన్షన్ చప్పుడు చేసినా అదే జవాబు. అది న్యాయమా? అందుకే అందరు సర్వీస్‌కు పోయే ముందు పాత ఫైల్ ఎక్కించుకోని పోతున్నరు, వచ్చినంక మళ్ల మారుస్తున్నరు.

మామ: వాళ్లు మొత్తం వారంటీ కొట్టేసుడు అన్యాయమే, నీ మాట ఒప్పుకుంటున్న. గని నువ్వు చెప్పిన రెండో పని దానికి విరుగుడు గాదు. ఈసీయూ తనను ఎన్నిసార్లు తిరగరాసిన్రో లెక్క పెట్టుకుంటది. లోపలి సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని లెక్కగట్టి సీవీఎన్ అనే ఒక నంబర్ చూపెడ్తది, ఒక్క అంకె మారినా ఆ నంబర్ మారుతది. కొన్ని కంపెనీల సర్వర్‌ల ఆ తేడా పడంగనే కారు నంబర్ మీద గుర్తు పెట్టేస్తరు, అది ఇగ పోదు. దొరకను అనుకునుడు తప్పు. దొరకకపోయినా, క్లచ్ నీ రీమ్యాప్‌తోని పోయిందని నీకు తెలిసి కంపెనీ పైసలతోని మార్పించుకుంటే ఆ ఖర్చు ఎవరి మీద పడ్తది? రీమ్యాప్ జోలికే పోని, నీ అసొంటి ఇంకో కొనుగోలుదారు మీదనే పడ్తది.

వారంటీ గురించి మన దేశంలో ఒక మంచి కొలమానం ఇప్పటికే ఉంది, దాన్ని ఎక్కువ మంది గుర్తు పెట్టుకోలేదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది ఆరోపణ. ఆ కేసు తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. కానీ ఆ ఉత్తర్వులో వారంటీ గురించి చెప్పిన మాట నిలబడదగ్గది. బయట బాగు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని, బయటి పని లోపం వల్ల ఎంత నష్టం జరిగిందో అంత మేరకే, పరిస్థితులు స్పష్టంగా సమర్థిస్తేనే రద్దు చేయొచ్చని కమిషన్ అంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం కింద కూడా ఇదే పద్ధతి నడుస్తోంది. బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో వారంటీ తీసేయలేరు, ఆ భాగమే నష్టం చేసిందని కంపెనీ చూపాలి. మన కమిషన్ మాట్లాడింది మరమ్మతు గురించి, పవర్ పెంచడం గురించి కాదు, కాబట్టి దాన్ని రీమ్యాప్‌కు అక్షరాలా అంటించలేం. అయినా అందులోని తర్కం ఇక్కడా పనికొస్తుంది. రీమ్యాప్ చేసిన కారులో క్లచ్ కాలిపోతే 250 హద్దు, 300 టార్క్ అన్న రెండు అంకెలే కంపెనీకి రుజువు. అదే కారులో కిటికీ మోటార్ ఆగిపోతే కంపెనీ దగ్గర ఏ రుజువూ ఉండదు, కాబట్టి మార్చి ఇవ్వాలి. సమాచారం అంతా కంపెనీ దగ్గరుంది, ఈసీయూ లాగులు చదివే యంత్రాలు దాని దగ్గరున్నాయి, కారణం తేల్చగల ఇంజనీర్లూ దాని దగ్గరే ఉన్నారు. తెలుసుకోగల స్తోమత ఎవరికుందో వాళ్లే రుజువు చూపాలి. మిర్యాలగూడ నుంచి సూర్యాపేట వరకు కారు తోలుకొచ్చిన కొనుగోలుదారు, తన రీమ్యాప్ వల్ల ఏసీ చెడిపోలేదని నిరూపించాలనడం కుదరదు.

పాత ఫైల్ ఎక్కించుకుని పోవడం ఈ న్యాయాన్నే దెబ్బ తీస్తుంది. రుజువు చూపించు అని కంపెనీని అడిగే మనిషి రుజువును తుడిచేసి అడిగితే ఆ అడగడానికి అర్థం లేదు. రేపు వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్లినా అతని మాట నిలవదు. దాచిపెట్టే అలవాటు ఎక్కువయ్యే కొద్దీ కంపెనీలు మొత్తం వారంటీ రద్దు చేయడానికి సాకు బలపడుతుంది, చెప్పి చేయించుకున్న నిజాయితీపరుడు కూడా దానికి బలి అవుతాడు. బీమాకూ ఇదే వర్తిస్తుంది. బండిలో చేసిన మార్పు పాలసీ ఇచ్చిన కంపెనీకి చెప్పకపోతే, ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ దగ్గర ఆ దాచిన విషయమే అడ్డు నిలుస్తుంది.

అల్లుడు: సరే, వారంటీ లెక్క తేలింది. ఇంజన్ నాది, నష్టం నాది, దాచకుండ చెప్త. ఇగ పొగ సంగతంటవా? నా కారు క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తలేను. స్టేజ్ వన్ అంటే సైలెన్సర్ ముట్టరు, సెన్సర్లు ముట్టరు. ఫుల్ యాక్సిలరేటర్ మీద ఉండే మ్యాపు ఒక్కటే మారుస్తరు. మామూలుగ 80 మీద పోయేటప్పుడు కారు ముందు ఎట్లుండెనో అట్లనే ఉంటది. రీమ్యాప్ చేయించుకున్న నా దోస్తుల కార్లన్ని పొల్యూషన్ టెస్ట్ పాసైనయ్. సర్కారు పెట్టిన పరీక్ష పాసైనంక ఇగ ఎవరికి జవాబు చెప్పాలె?

మామ: ఆ పరీక్ష ఎట్ల చేస్తరో నిలబడి చూసినవా? పెట్రోల్ బండి అయితే నిలబెట్టిన కాడనే ఇంజన్ నడిపి, సైలెన్సర్‌ల గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తరు. డీజిల్ బండి అయితే న్యూట్రల్‌ల యాక్సిలరేటర్ తొక్కి పొగ ఎంత నల్లగుందో చూస్తరు, బీఎస్-6కు 0.7 దాటొద్దు. నైట్రోజన్ ఆక్సైడ్‌లను ఎవరు కొలుస్తలేరు. బండి మీద బరువు లేదు, గేర్ లేదు. నువ్వే అంటివి గదా, మారేది ఫుల్ యాక్సిలరేటర్ మ్యాపు అని. ఆ మ్యాపు పని చేసే జాగ ఈ పరీక్షల అసలు రానే రాదు. చూడని దాంట్ల పాసైనవంటే ఏమర్థం? నా కాడికి వచ్చే లారీలల్ల, నైట్రోజన్ ఆక్సైడ్ తగ్గించే యాడ్‌బ్లూ పోయకుండ నడిపియ్యనీకి ఎమ్యులేటర్ పెట్టమని అడిగెటోళ్లున్నరు. అది పెడితే ఈసీయూకు అంత మంచిగున్నదని అబద్ధం చెప్తది. పొగ నల్లగ రాదు, టెస్ట్ పాసైతది, నైట్రోజన్ ఆక్సైడ్ మాత్రం అట్లనే పోతుంటది. నేను చెయ్యనని వెనక్కి పంపిస్త.

ఇక్కడ లోతుగా చూడాల్సిన విషయం ఉంది. పెట్రోల్ కారులో క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పని చేయాలంటే గాలి, ఇంధనం సరిగ్గా సరిపోయే పాళ్లలో ఉండాలి. ఆ పాళ్లు ఏ కొంచెం తప్పినా అది మూడు విషవాయువులనూ ఒకేసారి శుభ్రం చేయలేదు. టర్బో ఒత్తిడి పెంచితే సిలిండర్ వేడి పెరుగుతుంది, ఆ వేడిని తగ్గించడానికి ట్యూనర్ అదనంగా పెట్రోలు చల్లిస్తాడు. ఆ క్షణాల్లో కార్బన్ మోనాక్సైడ్, కాలని ఇంధనం, సన్నని నుసి పెరుగుతాయి. అల్లుడు చెప్పినట్టు ఇది ఫుల్ యాక్సిలరేటర్ మీదే జరుగుతుంది, మామూలు నడకలో కారు ముందులాగే ఉండొచ్చు కూడా. మంచి ట్యూనర్, మంచి ఫైల్ అయితే తేడా చిన్నదే కావచ్చు. కానీ ఎంత చిన్నదో ఎవరూ కొలవలేదు. అల్లుడి వాదనలో బలహీనత అక్కడుంది. తక్కువే పెరుగుతుంది అనేది నమ్మకం, దాని వెనక ఒక్క కొలత కాగితం లేదు.

డీజిల్‌లో పణం ఇంకా పెద్దది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్-4లో డీజిల్ కారు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్ వదలొచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6లో 80 మిల్లీగ్రాములే. నుసి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు తగ్గింది. పెద్ద లారీ ఇంజన్లకు నైట్రోజన్ ఆక్సైడ్ హద్దు ఒక కిలోవాట్ గంటకు 3.5 గ్రాముల నుంచి అర గ్రాము కన్నా కిందికి దిగింది. పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల్లో 50 పాళ్ల నుంచి 10కి తగ్గించడానికి రిఫైనరీలు వేల కోట్లు పెట్టాయి. ఇంత ఖర్చుతో సాధించిన తగ్గింపు ఇప్పుడు ఎక్కువ భాగం పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వును ఎప్పుడు తెరవాలో, ఫిల్టర్‌లో నుసిని ఎప్పుడు కాల్చాలో, యాడ్‌బ్లూ ఎంత చల్లాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంది. ఈ మాట ట్యూనర్లకు బాగా తెలుసు, అందుకే ఫిల్టర్ డిలీట్, ఈజీఆర్ ఆఫ్ అనే పనులు రీమ్యాప్‌తో పాటే వస్తున్నాయి. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో తేల్చింది. 2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో హైదరాబాద్‌తో పాటు మన నల్గొండ కూడా ఉంది. పొగ ఢిల్లీ సమస్య అనుకునేవాళ్లు ఆ జాబితా ఒక్కసారి చూడాలి.

అల్లుడు: లక్షల లారీలు తిరిగే రోడ్డు మీద నా ఒక్క కారుతోని ఏమైతది మామా? ఆ కంపెనీలేమన్న తక్కువనా? ఫోక్స్‌వాగనే దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టి దొరికింది గదా. వాళ్లు కోటి బండ్లల్ల చేస్తే వ్యాపారం, నేను ఒక్క దాంట్ల చేస్తే నేరమా?

మామ: వాళ్లది నేరమే, అందుకే పట్టుకున్నరు. ఎట్ల పట్టుకున్నరో అది ముఖ్యం. పరీక్ష గదిల పెట్టి గాదు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటోళ్లు కొలిచే యంత్రాన్ని కార్లకు కట్టి రోడ్డు మీద తిప్పిన్రు. ఒక కారుల నైట్రోజన్ ఆక్సైడ్ హద్దు కన్న 15 నుంచి 35 రెట్లు ఎక్కువ వచ్చింది. 2015 సెప్టెంబర్‌ల అమెరికా బయటపెట్టింది. మన దేశంల గూడ మూడు లక్షలకు పైన బండ్లు వెనక్కి పిలిపించిన్రు, 2019 మార్చిల గ్రీన్ ట్రిబ్యునల్ 500 కోట్లు కట్టమన్నది, తర్వాత అది సుప్రీంకోర్టుకు పోయింది. కంపెనీ చేసింది తప్పని నువ్వు ఎందుకంటున్నవ్? సాఫ్ట్‌వేర్‌తోని పొగను దాచిందని. అదే కొలతతోని నీ ఫైల్‌ను కూడా కొలువాలె.

ఒక్క కారు అన్న వాదనకు జవాబు అమెరికా లెక్కల్లోనే ఉంది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020 నవంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్ బండ్లలో యజమానులు కాలుష్య నియంత్రణను తీసేయించారు. అవి అదనంగా వదిలే పొగ, నిబంధనలు పాటించే 90 లక్షల బండ్లను కొత్తగా రోడ్డెక్కించినంత. అంటే మార్చిన ఒక్కో బండీ పదహారు మంచి బండ్ల పొగ మోసింది. ఆ ఐదున్నర లక్షల మందిలో ప్రతి ఒక్కరూ నా ఒక్క బండితో ఏమవుతుందనే అనుకుని ఉంటారు. అవి ఫిల్టర్లు, వాల్వులు పూర్తిగా పీకేసిన డీజిల్ బండ్లు, అల్లుడి స్టేజ్ వన్ పెట్రోల్ కారు వాటితో సమానం కాదు. దాన్ని వాటి పక్కన నిలబెట్టడం అన్యాయం. కానీ తన కారు వాటిలాంటిది కాదని ఎవరు చూపాలి?

నేను నిలబడదలచింది ఇక్కడే. వారంటీలో రుజువు భారం కంపెనీది అన్నాం, సమాచారం దాని దగ్గరుంది కాబట్టి. అదే తర్కాన్ని పొగకు వర్తింపజేస్తే భారం ట్యూనర్ మీద, యజమాని మీద పడుతుంది. ఫైల్‌లో ఏం మార్చారో తెలిసింది ట్యూనర్‌కే. కొలిపించగలిగింది అతనే, లాభం తీసుకునేదీ అతనే. ఆ పొగ పీల్చే కోదాడ బస్టాండు దగ్గరి పండ్ల బండి మనిషి తన ఊపిరితిత్తుల నష్టానికి ఏ ఫైల్ కారణమో ఎన్నటికీ చూపలేడు. క్లచ్ కాలితే కాలిన క్లచ్ కళ్ల ముందు ఉంటుంది, పొగ గాలిలో కలిసిపోయాక ఏ బండిదో తేలదు. కంపెనీని రుజువు అడిగే హక్కు కావాలనుకునే యజమాని, ఊరికి రుజువు చూపే బాధ్యతనూ అదే నోటితో ఒప్పుకోవాలి. ఒకటి తీసుకుని రెండోది వదిలేస్తే అతని వాదన మొత్తం కూలిపోతుంది.

చట్టం కూడా ఇటువైపే ఉంది, కాస్త మోటుగా. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చదివింది. ఆ కేసు బండి నిర్మాణం గురించి, సాఫ్ట్‌వేర్ గురించి కాదు. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటోంది. గాలి కాలుష్య ప్రమాణాలు దాటితే 190 సెక్షన్ కింద పది వేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, వాటితో పాటు మూడు నెలలు లైసెన్సు అనర్హత.

అల్లుడు: అయితే చేయించుకోకుమని సీదా చెప్పు మామా. చట్టం ఉన్నది గని చూసెటోడు లేడు. ఆర్‌టీఏ ఆఫీసుల ఈసీయూ తెరిచి చూసిన అధికారి ఒక్కడన్న ఉన్నడా? పట్టుకునెటోడే లేనప్పుడు రూల్ ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

మామ: చేయించుకోకుమని నేను అంటలేను. సీఎన్‌జీ కిట్ సంగతి యాది చేసుకో. ఒకప్పుడు ఎవరికి దొరికిన సిలిండర్ వాళ్లు డిక్కీల పెట్టుకున్నరు. ఇప్పుడు కిట్ తయారు చేసినోడు అది ఏ రకం బండికి సరిపోతదో పరీక్ష సంస్థల చూపించి అనుమతి తెచ్చుకోవాలె, మనం బిగించుకున్నంక ఆర్‌టీఏల ఆర్‌సీ మీద రాయించుకోవాలె. ఇంజన్ తినే ఇంధనమే మారుతున్నది, అంత పెద్ద మార్పుకు తొవ్వ దొరికింది. ఒక ఫైల్‌కు ఎందుకు దొరకదు? కాలిఫోర్నియాల అదే జేస్తున్నరు. ట్యూనర్ తన ఫైల్‌ను సర్కారు బోర్డుల పరీక్ష చేయించి నంబర్ తెచ్చుకుంటడు, ఆ నంబర్ ఉన్న ఫైల్ ఎవరన్న ఎక్కించుకోవచ్చు. 2021 జులై నుంచి అక్కడి పొల్యూషన్ టెస్ట్‌ల బండి సాఫ్ట్‌వేర్‌ను గూడ చూస్తున్నరు. కంపెనీది గాక, అనుమతి ఉన్నది గాక ఇంకోటి కనబడితే ఫెయిల్.

అల్లుడు: పరీక్షకు లక్షలు అయితయి. ఆ ఖర్చు నా నెత్తి మీదనే పడ్తది. దొంగ సీవీఎన్ నంబర్ చూపించే ఫైళ్లు గూడ ఉన్నయి, నాకు తెలుసు.

రెండు అభ్యంతరాలూ నిజమే. పరీక్ష ఖర్చు ఒక్క కారు మీద వేస్తే ఎవరూ భరించలేరు. కానీ ట్యూనర్ అమ్మేది ఒక్క కారుకు కాదు, అదే ఇంజన్, అదే గేర్‌బాక్స్ ఉన్న వందల కార్లకు ఒకే మూల ఫైల్‌ను కొద్ది తేడాలతో అమ్ముతాడు. కిట్ తయారీదారు చేసినట్టే ఖర్చును వాటి మీద పంచుకోవచ్చు. అలా పంచుకోలేని ట్యూనర్ ప్రతి కారుకూ కొత్తగా అంచనా మీద మ్యాపు రాస్తున్నాడన్నమాట, అతని దగ్గర కారు ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించాలి. దొంగ నంబర్ల విషయానికొస్తే, నంబర్ ఒక్కటే చూస్తే మోసపోతాం. 2023 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త మోడళ్లను కంపెనీలు రోడ్డు మీద నడిపి కొలిపించాల్సి వస్తోంది, ఆ యంత్రాలు ఇప్పుడు ఇక్కడే ఉన్నాయి. 65వ నంబరు రహదారి మీది కొర్లపహాడ్ టోల్ గేటు దగ్గర నెలకు ఒకరోజు, కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర ఇంకో రోజు అనుమానం వచ్చిన బండిని ఆపి కొలిచినా, దొంగ నంబర్ రాసేవాడికి ఇప్పుడున్న ధైర్యం ఉండదు. ముందు లారీలతో మొదలుపెట్టాలి, ఎందుకంటే ఎమ్యులేటర్ పెట్టిన ఒక్క లారీ చేసే చెరుపు అల్లుడి కారు లాంటిది చేసేదాని కన్నా చాలా ఎక్కువ.

మామ: నువ్వు హైదరాబాద్ పోయి ట్యూనర్‌ను మూడు అడుగు. ఏ మ్యాపులు మార్చినవో బిల్లు మీద రాసిస్తవా అని ఒకటి. ఫుల్ లోడ్‌ల గాలి, పెట్రోలు పాళ్లు ఎంతున్నయో, బండి పవర్ కొలిచే డైనో మిషన్ కాగితం ముందుది, తర్వాతది రెండు ఇస్తవా అని ఇంకోటి. టార్క్‌ను 250 కాడనే ఆపి, ఆ 250 ఇంకా తక్కువ ఆర్‌పీఎంల అందేటట్టు చేస్తవా అని మూడోది. ఓవర్‌టేక్‌కు నీకు కావాల్సింది అదే, గేర్‌బాక్స్ గూడ బతుకుతది.

అల్లుడు: మూడోది నేను ఎన్నడు ఆలోచించలే. మొదటి రెండు రాసియ్యడేమో మామా.

మామ: రాసియ్యకపోతే ఆ ఫైల్‌ల ఏమున్నదో నీకు గూడ తెలియదన్నట్టే. తెలియనిదాన్ని మిర్యాలగూడ బజార్ల తోలుడు ఎందుకు? మంచిగ రాసిస్తే ఆ కాగితం నాకు గూడ చూపెట్టు, స్కానర్ పెట్టి ముందు నంబర్, తర్వాత నంబర్ రెండు రాసుకుందాం. షోరూమోళ్లకు గూడ ఒక కాపీ ఇయ్యి.